మద్యం, కల్తీ కల్లు, గంజాయిపై ఊళ్లో చర్చకు పరిశోధన ఎలా పనికొస్తుంది: దక్షిణ తెలంగాణ పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట జిల్లాల్లో బెల్టు షాపు గురించి, కల్లు దుకాణం గురించి మాట్లాడే మహిళా సంఘాలు, వార్డు సభ్యులు, ఉపాధ్యాయులు, ఆశా కార్యకర్తలు, విలేకరులు తరచుగా అడిగే ప్రశ్నలివి. మద్యం మంచిదా చెడ్డదా అన్న వాదన ఇందులో తక్కువ. ఏ నిర్ణయం తీసుకుంటే ఎవరికి ఏమవుతుందో ముందే తెలుసుకోవడం ఎలా అన్నదే ఎక్కువ.

తాగుడు వల్ల ఇల్లు ఎలా గుల్ల అవుతుందో మా ఊరి ఆడవాళ్లకు తెలుసు. దానికి పరిశోధన ఎందుకు?

వాళ్లకు తెలిసినది నిజం. దాన్ని రుజువు చేయమని వాళ్లను నిలదీయడం అన్యాయం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న మహిళల అనుభవంలోంచే పుట్టింది. ఆ అనుభవం 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా తీసుకెళ్లింది.

అనుభవం జవాబు చెప్పలేని ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. మన ఊళ్లో దుకాణం మూస్తే పక్క ఊళ్లో అమ్మకం పెరుగుతుందా? క్వార్టర్ ధర పెరిగితే తాగడం తగ్గుతుందా, గుడుంబా తిరిగి వస్తుందా? కల్లులో ఏం కలుపుతున్నారు, అది ఆగిపోయిన రోజు తాగేవాడి ఒంట్లో ఏం జరుగుతుంది? వీటికి కొలత కావాలి. నల్లగొండ వాళ్లకు ఈ సంగతి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. వంకర తిరిగిన కాళ్లు, వంగిపోయిన నడుములు అందరికీ కనిపిస్తూనే ఉండేవి. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ ఏ బోరులో ఎంత ఉందో పరీక్షలు చేసి చూపించాక ప్రజల గోడుకు ఎవరూ కాదనలేని ఆధారం తోడైంది. మత్తు విషయంలో ఆ పని మన దగ్గర ఇంకా సగం కూడా జరగలేదు.

తెలంగాణలో నూటికి నలభై ముగ్గురు మగవాళ్లు తాగుతారని చదివాం. ఆ అంకె ఎంత నమ్మదగింది?

2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన లెక్క అది. పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో 43.3 శాతం. దేశ సగటు 19 శాతం లోపే. అరుణాచల్ ప్రదేశ్ తరవాత దేశంలో మనమే. తెలంగాణ పల్లెల్లో 49 శాతం, పట్టణాల్లో దాదాపు 34 శాతం. మనం ఎక్కువగా తాగుతున్నామన్నంత వరకు ఈ అంకెను ధైర్యంగా వాడవచ్చు.

వాడేముందు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. ఆ ప్రశ్నను ఇంటిల్లిపాదినీ విడివిడిగా అడగలేదు. ఇంట్లో ఒకరు మిగతావాళ్ల గురించి చెప్పారు. కొడుకు తాగుతాడని తల్లికి తెలియకపోవచ్చు, తెలిసినా పరాయి మనిషికి చెప్పకపోవచ్చు. కాబట్టి అసలు సంఖ్య ఇంతకంటే ఎక్కువే ఉండే అవకాశం ఉంది. రెండోది, పండక్కి ఒక గ్లాసు కల్లు తాగినవారూ, పొద్దున లేవగానే చేతులు వణికేవారూ ఈ లెక్కలో ఒకటే. "సగంమంది మగవాళ్లు తాగుడుకు బానిసలు" అని సభలో ఎవరైనా అంటే అది ఈ సర్వే చెప్పని మాట. మూడోది, సర్వే మన రాష్ట్రంలో ఇళ్లు తిరిగింది 2019లో, కరోనాకు ముందు.

ఇదే సర్వేలో పెద్దగా ఎవరూ ప్రస్తావించని మరో అంకె ఉంది. తెలంగాణ పల్లెల్లో పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లలో 9 శాతం మద్యం తీసుకుంటున్నారు. దేశ సగటు 1.3 శాతం. నాట్లు, కోతలు ముగించుకుని కల్లు దుకాణం దగ్గర కూర్చునే కూలి ఆడవాళ్లను మనందరం చూస్తూనే ఉంటాం, సభలో మాత్రం భర్తల తాగుడు గురించే మాట్లాడతాం. తాగే ఆడవాళ్లు చికిత్స అడగడానికి మగవాళ్లకంటే ఎక్కువ సిగ్గుపడతారు. వాళ్లను లెక్కలోకి తీసుకోని విధానం నాకు అసంపూర్ణంగానే కనిపిస్తుంది.

మా జిల్లా లెక్క విడిగా దొరుకుతుందా? అయిదేళ్ల కిందటితో పోల్చవచ్చా?

జిల్లాల పత్రాలు ఉన్నాయి, పోల్చడమే కష్టం. 2015-16 సర్వే నాటికి మహబూబ్‌నగర్ ఒకే జిల్లా, నల్లగొండ ఒకే జిల్లా. 2016 అక్టోబరులో అవి ముక్కలయ్యాయి. నారాయణపేట 2019 ఫిబ్రవరిలో ఏర్పడింది, అయిదో సర్వేలో దానికి వేరే పత్రం లేదు. పాత మహబూబ్‌నగర్ అంకెను కొత్త మహబూబ్‌నగర్ అంకె పక్కన పెట్టి "తగ్గింది", "పెరిగింది" అని రాస్తే అది రెండు వేర్వేరు ప్రాంతాల పోలిక అవుతుంది.

పాలమూరు వలస ఇంకో చిక్కు తెస్తుంది. కోస్గి, మద్దూరు, మక్తల్ వైపు పడుచు మగవాళ్లు ఏడాదిలో కొన్ని నెలలు హైదరాబాద్, పుణె, ముంబయి పనుల్లో ఉంటారు. ఇంటికొచ్చి అడిగే సర్వేకు వాళ్లు దొరకరు. కట్టడాల దగ్గర గుడిసెల్లో బతికేవారి తాగుడు ఏ జిల్లా లెక్కలోకీ సరిగా ఎక్కదు.

కల్తీ కల్లు అంటే అసలు ఏం కలుపుతారు? దుకాణం వెంటనే మూయించడం మంచిది కాదా?

ఈ ప్రాంతానికి అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

తాటి, ఈత చెట్ల నుంచి గీసిన కల్లు గంటల్లోనే తనంతట తాను పులుస్తుంది. అందులో ఆల్కహాలు మామూలుగా నాలుగైదు శాతం. చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ ఉన్న చోట నీళ్లు, చక్కెర లేదా శాకరిన్ కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, ఆల్ప్రాజోలం వేస్తారు. మొదటిది పాతకాలపు నిద్రమందు. తరవాతి రెండూ ఆందోళనకు, నిద్రలేమికి వైద్యులు రాసే బిళ్లల్లో ఉండేవే. చిటికెడు ఆల్ప్రాజోలం వందల మందికి మత్తు ఇస్తుంది. అందుకే మాదకద్రవ్యాల చట్టం కింద వంద గ్రాములు దాటగానే దాన్ని వాణిజ్య పరిమాణంగా లెక్కిస్తారు. గంజాయికి ఆ హద్దు ఇరవై కిలోలు.

ఏళ్ల తరబడి రోజూ ఈ కల్లు తాగిన మనిషికి తెలియకుండానే ఆ మందులకు అలవాటు పడుతుంది ఒళ్లు. ఒక్కసారిగా ఆగితే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, లేనివి కనిపిస్తాయి, మూర్ఛలు వస్తాయి. కొందరు చనిపోతారు. ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2015 సెప్టెంబరులో రాష్ట్రంలో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరం చేసినప్పుడు నిజామాబాద్ వంటి జిల్లాల నుంచి ఇలాంటి లక్షణాలతో పెద్ద సంఖ్యలో జనం ఆస్పత్రులకు చేరారు. కల్లు దుకాణం మూయడం న్యాయమే. మూసిన మర్నాటికి మంచాలు, మందులు, వైద్యులు సిద్ధంగా లేకపోవడమే అన్యాయం.

అలాగని దుకాణం నడవనివ్వాలా? వద్దు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. కలపడమే నేరం, దాన్ని ఆపాల్సిందే. ఆపే తేదీ ఎక్సైజ్ అధికారులకు తెలిసేటప్పుడే జిల్లా వైద్యాధికారికీ తెలియాలి. వైద్యులు ఈ మందులను ఒక్కసారిగా ఆపరు. అదే రకం మందును తగ్గించుకుంటూ వారాల తరబడి ఇచ్చి బయటికి తెస్తారు. ఈ ఏర్పాటు ఎలా చేస్తారని సభలో మీరు అడిగితే, పరిశోధన ఫలితాన్ని ఒక మనిషి ప్రాణానికి పనికొచ్చేలా వాడినట్టే.

ఇదంతా గీత కార్మికుల మీద నింద కాదా?

కాకూడదు. ముస్తాదు బిగించి చెట్టెక్కి, జారిపడి కాళ్లు చేతులు పోగొట్టుకునే మనిషి పొడి కలపడు. కల్తీ ఎక్కువగా చెట్టుకీ దుకాణానికీ మధ్య జరుగుతుంది. స్వచ్ఛమైన కల్లు అమ్మే గీత కార్మికుడికి దానివల్ల నష్టమే.

అతణ్ని కాపాడుతూనే నిజం తేల్చే లెక్క ఒకటుంది. సంఘం కింద ఎన్ని తాళ్లు, ఎన్ని ఈతలు గీస్తున్నారో రాసుకోండి. ఈ కాలంలో ఒక చెట్టు రోజుకు ఎంత ఇస్తుందో గీసేవారినే అడగండి. దుకాణంలో రోజుకు అమ్ముడయ్యే సీసాల సంఖ్య పక్కన పెట్టండి. చెట్లు ఇవ్వగలిగిన దానికంటే అమ్మకం ఎన్నో రెట్లు ఉంటే ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో అడగాల్సిన ప్రశ్న మీ చేతిలో ఉంటుంది. ఈ లెక్కలో గీత కార్మికులే మీకు గట్టి సాక్షులు. వాళ్లను సభ ముందు వరసలో కూర్చోబెట్టండి.

పూర్తి మద్యనిషేధం పనిచేస్తుందా, చేయదా? ఒక్క మాటలో చెప్పండి.

ఒక్క మాటలో చెప్పలేను. చెప్పేవారిని నమ్మవద్దని కూడా అంటాను.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఆదాయం పోయింది, సరిహద్దుల మీదుగా సరుకు వచ్చింది. గద్వాల, నారాయణపేట వైపు కర్ణాటక ఎంత దూరమో మనకు తెలిసిందే. "చూశారా, విఫలమైంది" అనేవారు ఇక్కడ ఆగిపోతారు. ఎత్తేయడం ఒక రాజకీయ, ఆర్థిక నిర్ణయం. ఆ రెండేళ్లలో ఇళ్లలో కొట్టడం తగ్గిందా లేదా అన్నది వేరే ప్రశ్న.

బిహార్ 2016 ఏప్రిల్‌లో నిషేధించింది. పక్క రాష్ట్రాలతో పోల్చి చేసిన ఒక అధ్యయనం 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక కుటుంబానికి చెందిన పత్రికలో వచ్చింది. రోజూ లేదా వారం వారం తాగేవారు 24 లక్షల మంది తగ్గారని, భర్తల చేతి హింస 21 లక్షల మంది ఆడవాళ్లకు తప్పిందని అంచనా వేసింది. చిన్న సంగతి కాదిది. అదే బిహార్‌లో నిషేధం ఉండగానే 15.5 శాతం మగవాళ్లు తాగుతున్నట్టు కుటుంబ ఆరోగ్య సర్వేలో నమోదైంది. 2022 డిసెంబరులో సారణ్ జిల్లాలో విషపు సారా పదుల ప్రాణాలు తీసింది. నిషేధం కేసులతో కోర్టులు నిండిపోయాయి, జైలుకెళ్లినవారిలో పేదలు ఎక్కువ.

ఈ రెండు వైపులనూ ఒకే మనిషి సభలో చెప్పగలగాలి. మహిళలపై హింస తగ్గడాన్ని దాచేసి కేసుల గురించి మాత్రమే మాట్లాడితే ఒక రకం అబద్ధం. విషపు సారా చావులను దాచేస్తే మరో రకం. నా మటుకు నాకు, మన జిల్లాల్లో ముందు బెల్టు షాపులు మూయించి, చికిత్స అందుబాటులోకి తెచ్చి, ఆపైన ఏం మారిందో కొలవడం సరైన వరస అనిపిస్తుంది. సంపూర్ణ నిషేధం గురించి మాట్లాడటానికి అప్పుడు మనదైన ఆధారం ఉంటుంది.

ధర పెంచితే తాగడం తగ్గుతుందా?

సాధారణంగా తగ్గుతుంది. స్కాట్లాండ్ 2018 మే నెలలో మద్యానికి కనీస ధర నిర్ణయించింది. కేవలం మద్యం కారణంగా జరిగే మరణాలు దానివల్ల సుమారు 13 శాతం తగ్గాయని 2023లో లెక్కతేల్చారు. కానీ అక్కడ బెల్లం ఊరబెట్టి సారా కాచే ఇళ్లు లేవు. మన తండాల్లో ఉన్నాయి. గుడుంబా మానేసిన కుటుంబాలకు రెండు లక్షల రూపాయల పునరావాస సాయం ఇచ్చిన రాష్ట్రం మనది. ధర పెంచమని అడిగేటప్పుడు గుడుంబా మీద నిఘా, మానేసినవారికి బతుకుదెరువు అనే రెండూ కలిపి అడగాలి.

మద్యం ఆదాయం లేకపోతే పథకాలు ఆగిపోతాయంటారు. దీనికి జవాబు?

ఆదాయం నిజంగానే పెద్దది. 2023లో రాష్ట్రంలోని 2,620 దుకాణాల కోసం లక్షా ముప్పై రెండు వేల దాకా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కోదానికి తిరిగి ఇవ్వని రుసుము రెండు లక్షలు. దుకాణం తెరవకముందే 2,639 కోట్ల రూపాయలు ఖజానాకు చేరాయి. 2025లో రుసుము మూడు లక్షలు చేశారు. దరఖాస్తులు 95 వేలకు తగ్గినా వచ్చిన డబ్బు పెరిగింది. ఒకే సంఘటనను "దరఖాస్తులు తగ్గాయి" అనీ "ఆదాయం పెరిగింది" అనీ రెండు శీర్షికలతో రాయవచ్చు, రెండూ నిజాలే.

సభలో అడగాల్సింది ఖర్చు వైపు లెక్క. కాలేయం చెడిపోయినవారి వైద్యానికి, జాతీయ రహదారుల మీద ప్రమాదాలకు, పోయిన కూలికి ఎంత అవుతోంది? ఆ లెక్క జిల్లాలవారీగా ఎవరూ వేయడం లేదు, ఆదాయం లెక్క మాత్రం రూపాయితో సహా ఉంటుంది. కొలిచినదే బరువుగా కనిపిస్తుంది, కొలవనిది లేనట్టే అయిపోతుంది. దీని మీద నాకు కోపం ఉంది, దాచుకోను. జిల్లాకో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఈ లెక్క వేయమని ప్రజలు వాటిని అడగవచ్చు.

మా కుర్రాళ్లలో గంజాయి పెరిగింది. పట్టుబడే కిలోలు ఏటా పెరుగుతున్నాయి కదా?

పట్టుబడిన కిలోలు పోలీసుల పనిని కొలుస్తాయి, కుర్రాళ్ల అలవాటును కొలవవు. ఆంధ్ర-ఒడిశా సరిహద్దు నుంచి హైదరాబాద్ వైపు వెళ్లే సరుకు సూర్యాపేట, చౌటుప్పల్ మీదుగా పోతుంటే అక్కడ పట్టుబడటం సహజం. దానివల్ల చౌటుప్పల్ కుర్రాళ్లు ఎక్కువగా తాగుతున్నారని అర్థం రాదు. తనిఖీ రెట్టింపు చేస్తే కేసులు రెట్టింపు కావచ్చు, వాడకం ఉన్నచోటే ఉండవచ్చు.

ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో 10 నుంచి 75 ఏళ్ల వయసువారిలో మద్యం తాగేవారు 14.6 శాతం, గంజాయి, భంగు వాడేవారు 2.8 శాతం. మన దగ్గర గంజాయి గురించి సభలు, ర్యాలీలు, ప్రతిజ్ఞలు జరుగుతాయి. బడి పక్కన బెల్టు షాపు గురించి అదే గొంతు వినిపించదు. గంజాయిని తేలిగ్గా తీసుకోమని కాదు, ముఖ్యంగా లేత వయసులో. కొద్ది పరిమాణంతో పట్టుబడ్డ కుర్రాడు చికిత్సకు తనంతట ముందుకొస్తే మాదకద్రవ్యాల చట్టంలోని 64ఏ సెక్షన్ అతడికి విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. ఈ సంగతి తల్లిదండ్రులకు చెప్పేవారే లేరు.

రోజూ కొంచెం తాగితే గుండెకు మంచిదట కదా?

పాత అధ్యయనాల్లో అలా కనిపించింది. జబ్బు చేసి మానేసినవారిని "తాగనివారి" గుంపులో కలపడం దానికి ఒక ముఖ్య కారణం. తాగనివారి ఆరోగ్యం దానితో చెడ్డగా కనిపించింది. ఆరోగ్యానికి హాని లేని మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. మద్యం క్యాన్సర్ కారకమని 1988 నుంచే తెలుసు.

అలవాటు పడ్డవాళ్లు మారరు. చికిత్స మీద డబ్బు ఎందుకు?

మారతారు. అందరూ కాదు, చెప్పుకోదగినంత మంది. గోవాలో పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన 377 మంది మగవాళ్లతో జరిగిన ప్రయోగం ఫలితాలు లాన్సెట్‌లో వచ్చాయి. వైద్య చదువు లేని, శిక్షణ పొందిన మామూలు మనుషులు నాలుగు విడతలకు మించకుండా మాట్లాడారు. మూడు నెలల తరవాత చూస్తే, ఆ సలహా అందినవారిలో 36 శాతం హానికర స్థాయి నుంచి బయటపడ్డారు. మామూలు వైద్యమే అందినవారిలో 26 శాతం. గత పద్నాలుగు రోజుల్లో చుక్క ముట్టనివారు 42 శాతం, రెండో గుంపులో 18.

అదే ప్రయోగంలో తాగడం మానని వారి మోతాదు తగ్గలేదు, భార్యలపై హింసలో తేడా రాలేదు. ఈ భాగాన్ని వదిలేసి చెప్పకండి. హింసను ఆపడానికి వేరే పని వేరే చేయాలని అదే మనకు నేర్పుతుంది.

దేశంలో మద్యానికి బానిసైనవారిలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని 2019 సర్వే చెప్పింది. మన ఆశా కార్యకర్తలకు, మహిళా సంఘాల కార్యకర్తలకు గోవాలో ఇచ్చిన లాంటి శిక్షణ ఇవ్వమని అడగడం అత్యాశ కాదు.

మేమే ఊళ్లో సర్వే చేయవచ్చా?

చేయవచ్చు, జాగ్రత్తగా. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే పది ప్రశ్నల పట్టిక ఉంది. మార్కులు సున్నా నుంచి నలభై దాకా ఉంటాయి, ఎనిమిది, అంతకు మించి వస్తే ప్రమాదపు గుర్తు. ఇది తాగుతారా లేదా అని మాత్రమే అడగదు. ఎంత, ఎంత తరచుగా, పొద్దున్నే కావాలనిపిస్తుందా, ఎవరికైనా దెబ్బలు తగిలాయా అని అడుగుతుంది.

ఇళ్లను మీకు నచ్చినట్టు ఎంచుకోవద్దు. కల్లు దుకాణం చుట్టుపక్కల ఇళ్లే అడిగితే ఊరంతా తాగుతున్నట్టు, గుడి వీధిలోనే అడిగితే ఎవరూ తాగనట్టు వస్తుంది. ఇంటి నంబర్ల జాబితా తీసుకుని ప్రతి అయిదో ఇంటికో, పదో ఇంటికో వెళ్లండి. తండా, దళితవాడ జాబితాలో ఉన్నాయో లేదో చూసుకోండి. భార్యను భర్త ముందు అడగవద్దు. పేరు రాయవద్దు. అడిగేవారు ఆ ఊరివారే అయితే పక్కింటి గుట్టు బయటపడుతుందనే భయం ఉంటుంది, అందుకే పక్క ఊరి కళాశాల విద్యార్థులు నయం. దుకాణం యజమాని బంధువులను, ఉద్యమ నాయకులను ఇద్దరినీ ఈ పనికి దూరంగా ఉంచండి.

ముందూ తరవాతా పోల్చాలనుకుంటే దుకాణం మూయకముందే ఒకసారి సర్వే చేసి ఉండాలి. మూయని పక్క ఊళ్లోనూ అదే రోజుల్లో చేయాలి. పంట డబ్బు చేతికొచ్చే నెలతో ఎండాకాలాన్ని పోల్చితే తేడా అంతా ఋతువుదే అవుతుంది. బతుకమ్మ, దసరా వారాలు సరేసరి.

ప్రభుత్వ సమాచారం ఎలా రాబట్టాలి?

సమాచార హక్కు చట్టం కింద. గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో అయిదు రూపాయలు, ఆపైన పది. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. "కల్తీ కల్లుపై మీరు తీసుకున్న చర్యలు తెలపండి" అని అడిగితే "చర్యలు తీసుకుంటున్నాం" అని వస్తుంది. గత మూడేళ్లలో ఏ దుకాణం నుంచి ఎన్ని నమూనాలు ప్రయోగశాలకు పంపారు, ఎన్ని నివేదికలు వచ్చాయి, ఎన్నింటిలో ఏ మందు దొరికింది, ఎన్ని కేసులు కోర్టుకు వెళ్లాయి అని విడివిడిగా, సంవత్సరాలవారీగా అడగండి.

విలేకరిగా నేను ఏం చూసుకోవాలి?

"రెట్టింపు" అని రాసే ముందు ఎన్ని నుంచి ఎన్నికో రాయండి. రెండు నుంచి నాలుగు కూడా రెట్టింపే. అధ్యయనానికి డబ్బు ఎవరు ఇచ్చారో అడగండి. రోడ్డు పక్కన పడిపోయిన మనిషి ఫొటో వేయకండి, అతడికి పిల్లలు ఉంటారు, వాళ్లు బడికి వెళ్లాలి.

మాది నల్లమల. మా గ్రామసభకు ప్రత్యేక అధికారం ఉందా?

అమ్రాబాద్ పీఠభూమిలోని షెడ్యూల్డ్ ప్రాంత గ్రామాలకు 1996 నాటి పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ) చట్టం వర్తిస్తుంది. మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే లేదా నియంత్రించే అధికారం ఆ చట్టం గ్రామసభకు, పంచాయతీకి కల్పించింది. చెంచుల పెంటల్లో (గూడేల్లో) నిర్ణయం వాళ్లదే కావాలి. మైదానం నుంచి వెళ్లే మనలాంటివాళ్లు సమాచారం అందించి పక్కకు జరగాలి.

ఇంట్లో తాగేమనిషి నిన్నటి నుంచి మానేశాడు, వణుకుతున్నాడు. ఏం చేయాలి?

ఆస్పత్రికి తీసుకెళ్లండి, తెల్లారే దాకా ఆగవద్దు. మద్యం ఆపిన ఆరు గంటల తరవాత వణుకు మొదలవుతుంది. మూర్ఛలు మొదటి రెండు రోజుల్లో వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతి తప్పవచ్చు. రోజూ కల్లు తాగేవాడైతే ఆ మాట వైద్యుడికి తప్పకుండా చెప్పండి, దాచితే వైద్యం తప్పుదారి పడుతుంది. మూర్ఛ వస్తే పక్కకు పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, 108కి ఫోన్ చేయండి. సలహాకు మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలిమానస్ 14416, జాతీయ మత్తువిముక్తి సహాయ నంబరు 14446.

గ్రామసభ తీర్మానంలో ఏం రాయాలి?

"మా ఊళ్లో మద్యం వద్దు" అని ఒక వాక్యం రాసి సంతకాలు చేస్తే అది ఫైలులో పడుకుంటుంది. ఏ బెల్టు షాపు ఏ తేదీకి మూయాలో, ఎక్సైజ్ స్టేషన్‌కు ఎవరు తెలియజేస్తారో రాయండి. కల్లు దుకాణం నమూనా ఎవరి సమక్షంలో తీయాలో, నివేదిక ఏ సభలో చదవాలో రాయండి. మూతకు కనీసం వారం ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడికి, జిల్లా ఆస్పత్రి మానసిక వైద్య విభాగానికి కబురు వెళ్లాలని, రోజూ తాగేవారిలో చికిత్స కోరేవారి జాబితా ఆశా కార్యకర్త దగ్గర మాత్రమే గుట్టుగా ఉండాలని రాయండి. గీత కార్మికుల సంఘం చెట్ల లెక్క దానికి జత చేయండి. ఏడాది తరవాత అదే నెలలో, అదే ప్రశ్నలతో అవే ఇళ్లకు మళ్లీ ఎవరు వెళ్తారో పేర్లతో సహా రాసి, ఆ సభ తేదీ కూడా అప్పుడే ఖరారు చేయండి.